మన జబ్బు మోసిన ఎలుక

*రక్త క్యాన్సర్ పుట్టుక ఎక్కడో తేల్చింది ఒక చిట్టెలుక. ఆ దారిలో వచ్చిన మాత్రే ఇవాళ గోదావరి లంకల్లోనూ మనుషుల్ని నిలబెడుతోంది. ఇక ఎలుకలు చాలనే మాట వినిపిస్తున్న వేళ, ఆ కథ మరోసారి...*

తెల్లవారుజాము. మాఘమాసపు మంచు గౌతమి గట్టు మీద ఇంకా విడలేదు. కపిలేశ్వరపురం దగ్గర ఒక దాళ్వా చేలోంచి ఒకాయన ఎలుకల బుట్టలు ఏరుకొస్తున్నాడు. నిన్న పొద్దుగూకే వేళ గట్ల వెంట, బొరియల నోళ్ల దగ్గర పెట్టినవి. బుట్టలో చిక్కినదాన్ని తోక పట్టి లాగి గట్టు మీద పడేస్తున్నాడు. ఒకటి, రెండు, అయిదు, తొమ్మిది. ఎలుకకి ఇంత అని కూలి. పొట్ట మీదున్న వరి దుబ్బుల్ని ఏటవాలుగా కొరికేసిన ఆనవాళ్లు చేలో అక్కడక్కడా కనిపిస్తున్నాయి.

చేను కౌలుకి చేస్తున్న రైతు గట్టు మీదే ఉన్నాడు. నలభై దాటిన మనిషి. కళ్ల కింద కాస్త ఉబ్బు. ఇంటి నుంచి వచ్చిన ఇడ్లీ తిన్నాక చొక్కా జేబులోంచి మాత్రల అట్ట తీశాడు. ఒక మాత్ర, దాని మీద నిండు గ్లాసుడు నీళ్లు.

"ఏడేళ్లయిందండి. ఖాళీ కడుపున వేసుకుంటే వాంతేనండి. తిన్నాకే వెయ్యాలి. రాత్రుళ్లు పిక్కలు పట్టేస్తాయి, అంతకుమించి ఏం లేదు. చేలో దిగుతున్నానండి, చాలదా?"

ఆయనది క్రానిక్ మైలాయిడ్ ల్యుకేమియా. డాక్టర్లు క్లుప్తంగా సీఎంఎల్ అంటారు. వేసుకున్న మాత్ర ఇమాటినిబ్. ఈ జబ్బుకి మూలం ఏమిటో మొదట ఎలుకల్లోనే రుజువు చేశారని, ఈ మందు పనితనమూ ఎలుకల్లో చూశాకే మనుషులకి ఇచ్చారని చెబితే ఒక్క క్షణం గట్టు మీది వరసకేసి చూశాడు.

"ఆయ్! ఇక్కడ మనం చంపుతుంటే అక్కడ మేపారన్నమాట!"

ప్రయోగశాలలో ఉండేది ఈ పొలం ఎలుక కాదు, దీనికి దూరపు చుట్టం. మన ఇళ్లలో బియ్యం డబ్బా వెనక దూరే చిట్టెలుక జాతి అది. పాతిక గ్రాముల బరువు. మూడు వారాల్లో ఈనుతుంది. రెండు మూడేళ్లకి ఆయుష్షు తీరుతుంది. శరీరం చిన్నదే గాని అందులోని జన్యువుల్లో దాదాపు అన్నింటికీ మన జన్యువుల్లో జోడీ ఉంది. 2002లో చిట్టెలుక జన్యుపటం అచ్చయినప్పుడు ఆ సంగతి అక్షరాలా తేలింది.

ఇప్పుడెందుకీ మాట

2025 ఏప్రిల్‌లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఒక ప్రకటన చేసింది. మోనోక్లోనల్ యాంటీబాడీల రకం మందులతో మొదలుపెట్టి, జంతువుల మీద పరీక్షల్ని క్రమంగా తగ్గించుకుంటూ పోతామంది. అంతకుముందు 2022 డిసెంబర్‌లోనే, మనుషులకి ఇచ్చేముందు కొత్త మందుని జంతువుల్లో పరీక్షించి తీరాలన్న పట్టు అక్కడి చట్టంలోంచి తీసేశారు. మన దేశమూ 2023లో కొత్త మందుల నిబంధనలు సవరించి కణాల మీద, కంప్యూటర్ల మీద చేసే పరీక్షలకి చోటిచ్చింది. జంతుప్రేమికులు సంతోషించారు. 'ఎలుకలో పనిచేసిందని మనిషిలో పనిచేస్తుందా' అన్న పాత ప్రశ్న మళ్లీ పైకొచ్చింది. మనుషుల మీద పరీక్షల దాకా వచ్చిన మందుల్లో పదింట తొమ్మిది అక్కడే ఆగిపోతున్నాయి కాబట్టి ప్రశ్నలో న్యాయం ఉంది.

కాకపోతే ఈ చర్చలో ఎలుకని మందు రుచి చూసే జీవిగానే లెక్కేస్తున్నారు. రక్త క్యాన్సర్ల విషయంలో అది చేసిన అసలు పని వేరు. రోగి రక్తంలో కనిపించిన ఒక లోపం జబ్బుకి కారణమా, జబ్బు వల్ల మిగిలిన ఆనవాలా? ఆ ప్రశ్నకి ఏ రోగీ జవాబివ్వలేడు. రోగి మన దగ్గరికి వచ్చేసరికే రెండూ ఒంట్లో కలిసి ఉంటాయి. ఆరోగ్యంగా ఉన్న శరీరంలో ఆ ఒక్క లోపమే పెట్టి చూస్తే గాని తేలదు. మనిషిలో అలా పెట్టలేం కదా.

ఎడమ డొక్కలో బరువు

సీఎంఎల్ గొడవ లేకుండా వస్తుంది. నీరసం, కాస్త బరువు తగ్గడం, రాత్రి చెమటలు. నాలుగు ముద్దలు తినగానే కడుపు నిండినట్టుంటుంది. ఎడమ డొక్క కింద చెయ్యి పెడితే గట్టిగా తగులుతుంది. ఊళ్లో పెద్దవాళ్లు 'కడుపులో బల్ల' అనేవారు. అది వాచిన ప్లీహం. రక్తపరీక్ష చేయిస్తే అసలు సంగతి బయటపడుతుంది. మైక్రోలీటర్‌కి నాలుగు వేల నుంచి పదకొండు వేల దాకా ఉండాల్సిన తెల్ల రక్తకణాలు చాలాసార్లు లక్ష దాటి ఉంటాయి. పాశ్చాత్య దేశాల్లో ఇది అరవై దాటినవాళ్ల జబ్బు. మన ఆసుపత్రుల నివేదికల్లో మాత్రం నలభైకి అటూ ఇటూ వాళ్లే ఎక్కువ. అంటే పిల్లల చదువులు, అప్పులు, కౌళ్లు అన్నీ నెత్తి మీదున్న వయసు.

ఈ రోగుల కణాల్లో ఒక క్రోమోజోము మరీ పొట్టిగా ఉందని 1960లో ఫిలడెల్ఫియాలో పీటర్ నోవెల్, డేవిడ్ హంగర్‌ఫర్డ్ గమనించారు. ఆ ఊరి పేరే దానికి స్థిరపడింది. ఆ తుంపు ఎటుపోయిందో తేల్చింది షికాగో డాక్టర్ జానెట్ రౌలీ. నలుగురు మగపిల్లల తల్లి. క్రోమోజోముల ఫొటోలు కత్తిరించి ఇంట్లో భోజనాల బల్ల మీద జతలు జతలుగా పేర్చుకునేది. కాగితం బొమ్మలతో ఆడుకుంటోందని పిల్లలు వేళాకోళం చేసేవారట. ఆ బల్ల మీదే తెలిసింది, 22వ క్రోమోజోము ముక్క 9వ దానికీ, 9వ దాని ముక్క 22వ దానికీ అతుక్కున్నాయని. 1973లో అచ్చు వేశారు. ముక్కలు మారడం క్యాన్సర్‌కి కారణం కావచ్చంటే అప్పట్లో నమ్మినవాళ్లు తక్కువ. క్యాన్సర్ ముదిరితే క్రోమోజోములు చిందరవందర కావడం మామూలే, ఇదీ అలాంటిదేనని కొట్టిపారేశారు.

కారణమా, ఆనవాలా?

సాక్ష్యం ఎలుక చెప్పింది

జవాబుకి దారి మరో వైపు నుంచి వచ్చింది. 1970లో హెర్బర్ట్ ఏబల్సన్ అనే అమెరికన్ డాక్టర్ ఎలుకలకి ల్యుకేమియా తెప్పించే వైరస్ ఎక్కించి చూస్తున్నాడు. వాటిలో ఒక్క ఎలుకకి మిగతావాటికి రాని రకం క్యాన్సర్ వచ్చింది. దాన్లోంచి కొత్త వైరస్ దొరికింది. ఆ వైరస్ దారిలో ఎలుక జన్యువునొకదాన్ని ఎత్తుకొచ్చిందని తర్వాత తెలిసింది. ఏబల్సన్ పేరు మీద ఆ జన్యువుకి 'ఏబీఎల్' అని పేరు పెట్టారు.

ఇక్కడ మన తెలుగు నేల మనిషి ఒకరు వస్తారు. ఉస్మానియాలో డాక్టరేట్ చేసి అమెరికా వెళ్లిన ఇ. ప్రేమ్‌కుమార్ రెడ్డి. 1983లో ఆయన బృందం ఏబల్సన్ వైరస్ జన్యుక్రమం మొత్తాన్ని అక్షరం అక్షరం చదివి అచ్చు వేసింది. క్యాన్సర్ తెచ్చే ఇతర జన్యువుల్లో కొన్నింటితో దీనికి దగ్గరి పోలిక ఉందని, అవన్నీ టైరోసిన్ కైనేజ్ అనే ఒకే తరహా ఎంజైముల కుటుంబమని అందులో చూపించారు. తర్వాత ఆయన 'ఆంకోజీన్' పత్రిక వ్యవస్థాపకుల్లో ఒకరయ్యారు. క్యాన్సర్ జన్యువుల మీద పనిచేసేవాళ్లకి ఆ పత్రిక తెలియకుండా ఉండదు. మన దగ్గర మాత్రం ఆయన పేరు పెద్దగా వినపడదు. మన పత్రికలకి అమెరికా తెలుగువాళ్లంటే కంపెనీల సీఈఓలే కనిపిస్తారు మరి.

అదే దశకంలో రెండు దారులూ కలిశాయి. రౌలీ చూసిన అతుకు దగ్గర 9వ క్రోమోజోము నుంచి వచ్చిన ముక్కలో ఉన్నది ఈ ఏబీఎల్లే. 22వ దాని మీది బీసీఆర్ అనే జన్యువుతో అతుక్కుని 'బీసీఆర్-ఏబీఎల్' అనే సంకర జన్యువైంది. కణానికి 'విభజించుకో' అని కబురు పంపడం ఏబీఎల్ పని. మామూలప్పుడు అవసరాన్ని బట్టి పంపి ఊరుకుంటుంది. అతుకు పడ్డాక తలుపు ఊడిన కాలువ తూములాగా రాత్రీ పగలూ ఒకటే ప్రవాహం.

ఇదంతా అప్పటికి ఊహే. 1990లో అమెరికాలోని కేంబ్రిడ్జ్‌లో, వైట్‌హెడ్ సంస్థలో జార్జ్ డేలీ, రిచర్డ్ వాన్ ఎటెన్, డేవిడ్ బాల్టిమోర్ ఆ ప్రయోగం చేశారు. ఒక ఎలుక ఎముక మూలుగ తీసి, వైరస్ సాయంతో అందులోకి బీసీఆర్-ఏబీఎల్ ఎక్కించారు. రేడియేషన్‌తో మూలుగ ఖాళీ చేసిన మరికొన్ని ఎలుకలకి ఆ కణాలిచ్చారు. కొన్ని వారాలకి వాటిలో కొన్నింటి రక్తంలో తెల్లకణాలు ఎగబాకాయి. ప్లీహం ఉబ్బింది. గాజు పలక మీద రక్తపు చుక్క రాసి చూస్తే, రోగుల రక్తంలో కనిపించే దృశ్యమే. అదే ఏడాది మరో బృందం ఈ జన్యువు రూపాన్నొకదాన్ని పుట్టుకతోనే ఒంట్లో మోసే ఎలుకల్ని తయారు చేసింది. వాటికి తీవ్రమైన ల్యుకేమియా వచ్చింది. కారణమేనని తేలిపోయింది.

నాకు అంతకన్నా నచ్చిన ప్రయోగం 2000లో బోస్టన్‌లో డేనియల్ టెనెన్ బృందం చేసినది. వాళ్ల ఎలుకల్లో బీసీఆర్-ఏబీఎల్‌కి ఒక స్విచ్ పెట్టారు. తాగే నీళ్లలో టెట్రాసైక్లిన్ కలిపినంత కాలం జన్యువు నిద్రపోతుంది. మందు కలపడం ఆపగానే లేస్తుంది, ల్యుకేమియా వస్తుంది. చావుకి దగ్గరపడిన ఎలుకకి మళ్లీ మందు నీళ్లు పెడితే కొద్ది రోజుల్లో జబ్బు కరిగిపోయింది. ముదిరిన క్యాన్సర్ కూడా ఆ ఒక్క జన్యువు మీదే ఆధారపడి బతుకుతోందని కళ్ల ముందు కనిపించింది. అప్పటికే మనుషులు ఇమాటినిబ్ మింగడం మొదలైంది. ఆ మందు ఎందుకు అంత బాగా పనిచేస్తోందో ఈ ఎలుక విడమర్చింది.

> ఎలుకకి మన జన్యువు ఎలా?
>
> అండంలోనే: ఫలదీకరణ జరిగిన అండంలోకి సన్నని గాజు సూదితో జన్యువు ఎక్కించి, పెంపుడు తల్లి కడుపులో పెడతారు. పుట్టిన పిల్లల్లో ఏది ఆ జన్యువు మోస్తోందో తోక కొస తుంచి పరీక్షిస్తారు. గుర్తుకి చెవికి గాటు.
>
> ఉన్నది తీసేసి: పిండ మూలకణాల్లో ఒక జన్యువుని పనిచేయకుండా చేసి ఎలుకని పుట్టిస్తారు. వీటినే నాకౌట్ ఎలుకలంటారు. ఈ విద్యకి మారియో కపెకీ, మార్టిన్ ఎవాన్స్, ఆలివర్ స్మితీస్‌లకి 2007లో నోబెల్ వచ్చింది.
>
> మూలుగలో: పెద్ద ఎలుక మూలుగ కణాలు తీసి, మార్చి, తిరిగి ఎక్కిస్తారు. రక్త క్యాన్సర్లకి ఇది అనువైన దారి.
>
> క్రిస్పర్: 2013 నుంచి ఏళ్ల పని వారాల్లోకి వచ్చింది. ఒకేసారి నాలుగైదు జన్యువుల్ని మార్చగలరు. రోగిలోనూ లోపాలు గుంపుగానే ఉంటాయి కాబట్టి ఇది పెద్ద మేలు.
>
> రోగి కణాలు మోసే ఎలుక: రోగనిరోధక శక్తి లేకుండా పుట్టించిన ఎలుకలోకి మనిషి ల్యుకేమియా కణాలు ఎక్కిస్తే అవి అక్కడే పెరుగుతాయి. టొరంటోలో జాన్ డిక్ ఈ పద్ధతితోనే 1994లో ల్యుకేమియాకి మూలకణాలుంటాయని చూపాడు.

లక్షా ఇరవై వేల నుంచి

స్విట్జర్లాండ్ కంపెనీ సీబా-గైగీలో నిక్ లైడన్ బృందం తయారుచేసిన కైనేజ్ నిరోధకాల్లోంచి ఒకదాన్ని అమెరికన్ డాక్టర్ బ్రయాన్ డ్రూకర్ ఎంచుకున్నాడు. బీసీఆర్-ఏబీఎల్ మోసే కణాలు ఎక్కించిన ఎలుకల్లో అది గడ్డల్ని అణిచిందని 1996లో ప్రకటించారు. కుక్కల దగ్గరికి వచ్చేసరికి చిక్కొచ్చింది. ఎక్కువ మోతాదులో వాటి కాలేయం దెబ్బతింది. మందు అక్కడితో అటకెక్కేదే. డ్రూకర్ పట్టు వదల్లేదు. 1998 జూన్‌లో మొదటి రోగి మింగాడు. రోజుకి 300 మిల్లీగ్రాములు, ఆపైన తీసుకున్న 54 మందిలో 53 మందికి రక్తం మామూలు స్థితికి వచ్చింది. 2001 మేలో ఎఫ్‌డీఏ అనుమతి. అంతకుముందు మూలుగ మార్పిడి జరగని రోగికి చాలావరకు మూడు నుంచి అయిదేళ్లే గడువు. ఇమాటినిబ్‌తో చికిత్స మొదలుపెట్టిన వాళ్లలో పదేళ్ల తర్వాత కూడా 83 శాతం మంది బతికున్నారని 2017లో వెలువడిన దీర్ఘకాలపు లెక్క చెప్పింది.

మందు వచ్చింది, అందలేదు. నోవార్టిస్ కంపెనీ 'గ్లీవెక్' పేరుతో అమ్మిన ఇమాటినిబ్ ఖర్చు అప్పట్లో మన దేశంలో నెలకి సుమారు లక్షా ఇరవై వేలు. కంపెనీ చాలామంది రోగులకి ఉచితంగా ఇచ్చిన మాటా నిజమే. కాని ఉచితం ఎవరికివ్వాలో నిర్ణయించేది ఇచ్చేవాడు. 2003లో హైదరాబాద్‌లోని నాట్కో ఫార్మా 'వీనాట్' పేరుతో ఇదే మందు తెచ్చింది. నెలకి ఎనిమిది, పది వేలు. గుంటూరు జిల్లా గొల్లమూడిపాడు నుంచి వెళ్లిన నన్నపనేని వెంకయ్య చౌదరి కంపెనీ అది. పేటెంట్ పోరు 2006లో చెన్నై పేటెంట్ కార్యాలయంలో నోవార్టిస్ దరఖాస్తు తిరస్కరణతో రాజుకుని, 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు తీర్పుతో ముగిసింది. తెలిసిన మందుని కొత్త స్ఫటిక రూపంలోకి మార్చినంత మాత్రాన, జబ్బు మీద దాని ప్రభావం పెరిగిందని చూపకపోతే పేటెంట్ రాదని కోర్టు తేల్చింది. తర్వాత ధర ఇంకా దిగింది. పేదవాళ్లని ప్రభుత్వ ఆరోగ్య పథకం ఆదుకుంటోంది. కోనసీమ నుంచి క్యాన్సర్ వైద్యానికి కాకినాడకో రాజమండ్రికో, విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా ఆసుపత్రికో వెళ్తారు. పెద్ద ఖర్చులు మీద పడకపోయినా చార్జీలు, ఆ రోజు కూలి ఎవరూ ఇవ్వరు.

> పిట్టకథ: ఎలుకలమ్మిన టీచరమ్మ
>
> కపిలేశ్వరపురంలో హరికథా పాఠశాల ఉంది. హరికథలో పిట్టకథ లేకపోతే సభకి నిద్రొస్తుంది గనక ఇది ఒకటి.
>
> ఆబీ లాత్రప్ అమెరికాలోని మసాచుసెట్స్‌లో బడి పంతులమ్మ. ఉద్యోగం మానేసి కోళ్లు పెంచితే నష్టం వచ్చింది. 1900 ప్రాంతంలో గ్రాన్బీ అనే పల్లెలో రంగురంగుల ఎలుకలు పెంచి ముచ్చటకి పెంచుకునేవాళ్లకి అమ్మడం మొదలుపెట్టింది. ఊరి పిల్లలకి డబ్బులిచ్చి బోనులు కడిగించేది. హార్వర్డ్ వాళ్లు ప్రయోగాలకి కొనడం మొదలుపెట్టారు. కొన్ని ఎలుకలకి ఒంటి మీద గడ్డలు లేస్తున్నాయని గమనించి ఆమె శాస్త్రవేత్తలకి రాసింది. లియో లోబ్ అనే ఆయనతో కలిసి ఎలుకల క్యాన్సర్ల మీద పరిశోధన వ్యాసాలూ అచ్చేసింది. డిగ్రీ లేదు, ప్రయోగశాల లేదు. ఆమె దొడ్లోని ఎలుకల సంతతి నుంచే 1921లో క్లారెన్స్ లిటిల్ 'సీ57 బ్లాక్' అనే నల్ల ఎలుక వంశాన్ని తీశాడు. ఇవాళ ప్రపంచంలో ప్రయోగశాలలు ఎక్కువగా వాడే ఎలుక అదే.

భీమవరం వాడి మందు

రక్త క్యాన్సర్ గురించి తెలుగులో రాస్తూ యల్లాప్రగడ సుబ్బారావు పేరెత్తకుండా ఉండటం కుదరదు. 1895లో భీమవరంలో పుట్టి, రాజమండ్రిలో, మద్రాసులో చదివి 1922లో బోస్టన్ చేరాడు. హార్వర్డ్‌లో చేసిన పనికి తగ్గ స్థిరమైన ఉద్యోగం దక్కక 1940లో లెడర్లీ కంపెనీకి వెళ్లాడు. ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది. బోస్టన్ పిల్లల డాక్టర్ సిడ్నీ ఫార్బర్ ల్యుకేమియా పిల్లలకి ఫోలిక్ జాతి మందులిచ్చి చూస్తే జబ్బు మరింత రెచ్చిపోయినట్టు తోచింది. అయితే ఫోలిక్ పనిని అడ్డుకునే మందు ఇస్తే? అది కూడా లెడర్లీ నుంచే వచ్చింది, అమైనోప్టెరిన్. 1948 జూన్‌లో ఫార్బర్ ప్రకటించాడు: 16 మంది పిల్లల్లో 10 మందికి తాత్కాలికంగానైనా జబ్బు తగ్గింది. ఆ ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశాడు. ఆయన దగ్గర పుట్టిన మందు కుటుంబంలోదే మెథోట్రెక్సేట్. పిల్లల ల్యుకేమియాకి నేటికీ తప్పనిసరి మందు.

ఆ కాలంలో ఎలుకల జన్యువులు మార్చడం ఎవరికీ తెలియదు. 1948లో ఒక ఎలుకలో రసాయనం పూసి తెప్పించిన ల్యుకేమియా కణాలకి ఎల్1210 అని పేరు పెట్టి, తర్వాత దశాబ్దాల పాటు వేల రసాయనాల్ని వాటి మీదే వడపోశారు. ఆ కణాలు గంటల్లోనే రెట్టింపయ్యేవి. కాబట్టి వేగంగా పెరిగే క్యాన్సర్లని చంపే మందులే జల్లెడలో మిగిలాయి. నెమ్మదిగా నడిచే జబ్బులకి పనికొచ్చేవి ఎన్ని జారిపోయాయో! ఎలుకని ఎలా తయారుచేశామో, అది చెప్పే జవాబూ అలాగే ఉంటుంది.

మురికి తగిలితేనే

ఆ సంగతి మరీ విచిత్రంగా బయటపడింది పిల్లల ల్యుకేమియాలో. అక్కడ ఎక్కువగా కనిపించే అతుకుల్లో ఒకటి ఈటీవీ6-రంక్స్1. బ్రిటన్ శాస్త్రవేత్త మెల్ గ్రీవ్స్ బృందం పరిశోధనల ప్రకారం ఇది తల్లి కడుపులోనే పడుతుంది. నూటికి ఒక శిశువు దానితో పుట్టవచ్చు. అలా పుట్టిన వాళ్లలో మళ్లీ నూటికి ఒకరికే జబ్బు వస్తుంది. మిగతా తొంభై తొమ్మిది మందిని కాపాడుతున్నది ఏమిటి? ఈ అతుకు పెట్టిన ఎలుకలకి ఎంతకీ ల్యుకేమియా రాదు. పరిశోధకులు తలలు పట్టుకున్నారు.

స్పెయిన్‌లోని సలమాంకాలో ఇసిదోరో సాంచెజ్-గార్సియా బృందం ఒక పని చేసింది. అప్పటిదాకా ఆ ఎలుకలున్నది వడపోసిన గాలిలో, ఆవిరితో శుద్ధి చేసిన తిండితో, సూక్ష్మజీవి తగలని గదుల్లో. వాటిని మామూలు ఎలుకలుండే, మామూలు అంటువ్యాధులు తిరిగే గదిలోకి మార్చారు. కొన్నింటికి ల్యుకేమియా వచ్చింది. 2017లో ప్రకటించారు. పాక్స్5 అనే మరో జన్యువు లోపమున్న ఎలుకల్లోనూ అంతకుముందే అలాగే జరిగింది. పుట్టుకతో ఒక దెబ్బ, తర్వాత అంటువ్యాధికి శరీరం స్పందించే తీరులో రెండో దెబ్బ. పసితనంలో మామూలు సూక్ష్మజీవులతో పరిచయం లేక ఆలస్యంగా తగిలితే ప్రమాదం ఎక్కువని గ్రీవ్స్ ఎన్నాళ్లుగానో చెబుతున్న వాదానికి ఇది బలమిచ్చింది. ఇది విని పిల్లల్ని బురదలో దొర్లించమని ఏ డాక్టరూ చెప్పడు. టీకాలు మానమని అసలే చెప్పడు. లోపం పెట్టిన ఎలుక ఒక్కటే చాలదని, అది పెరిగే గది కూడా ప్రయోగంలో భాగమేనని మాత్రం తెలిసొచ్చింది.

ఎలుకల మాట వినడం వల్ల కలిసొచ్చిన చోట్లూ ఉన్నాయి. ప్రోమైలోసైటిక్ ల్యుకేమియా రోజుల్లో ప్రాణం తీసే జబ్బు. విటమిన్ ఏ నుంచి వచ్చిన మందు ఒకటి, పాషాణం ఒకటి, విడివిడిగా దానికి వాడుతున్నారు. రెండూ కలిపితే ఒకదాన్నొకటి చెడగొడతాయేమోనని శంక. పారిస్‌లో యూగ్ ద తే బృందం 1999లో ఈ జబ్బు పెట్టిన ఎలుకల్లో రెండూ కలిపి ఇచ్చి క్యాన్సర్‌ని తుడిచిపెట్టింది. 2013లో మనుషుల్లో చేసిన పరీక్షలో, ప్రమాదం మరీ ఎక్కువ కాని రోగుల్లో కీమోథెరపీ లేకుండానే ఆ జంట మందు కీమో ఉన్న చికిత్సకి ఏమాత్రం తీసిపోలేదు. రెండేళ్ల తర్వాత జబ్బు తిరగబెట్టకుండా, చికిత్స విఫలం కాకుండా ఉన్నవాళ్లు 97 శాతం. పాషాణంతో నయమయ్యే క్యాన్సర్ ఉందంటే మన ఆయుర్వేద వైద్యులు చిరునవ్వు నవ్వుతారేమో.

హైదరాబాద్‌లో ఎలుకల ఇళ్లు

ప్రయోగాల ఎలుకల విషయంలో హైదరాబాద్ పాత కాపు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థకి 1976లోనే దేశానికంతటికీ ప్రయోగ జంతువుల సమాచారం, సరఫరా చూసే విభాగం బొంబాయి నుంచి వచ్చింది. ఆ పక్కనే ఉన్న సీసీఎంబీలో జన్యువులు మార్చిన ఎలుకల్ని తయారుచేసే, పెంచే ఏర్పాటు ఉంది. జినోమ్ వ్యాలీలో ఐసీఎంఆర్ జాతీయ జంతు వనరుల కేంద్రం ఉంది.

ఇలాంటి గదిలోకి ఎవరు పడితే వాళ్లు వెళ్లలేరు. స్నానం చేసి, లోపలి బట్టలు వేసుకుని, మాస్కు, టోపీ, తొడుగులతో దిగాలి. బీరువా అరల్లా వరసలుగా పారదర్శకమైన డబ్బాలు, ఒక్కోదానికి విడిగా గాలి గొట్టం. అడుగున మొక్కజొన్న కండెల పొడి. పన్నెండు గంటలు వెలుతురు, పన్నెండు గంటలు చీకటి. డబ్బా మీది కార్డు చూస్తే తండ్రి, తల్లి, పుట్టిన తేదీ, ఏ జన్యువు మార్చారో అన్నీ తెలుస్తాయి. పనివాళ్లు పొద్దున్నే ముందు చూసేది వెంట్రుకలు. ఆరోగ్యంగా ఉన్న ఎలుక ఒళ్లు నున్నగా దువ్వినట్టుంటుంది. జబ్బు చేస్తే రేగిపోయి, వీపు గూని తిరిగి, మూలకి ముడుచుకుంటుంది. బాధ ఒక హద్దు దాటిందనిపిస్తే ప్రయోగం పూర్తికాకపోయినా దానికి నొప్పి లేని మరణం ఇవ్వాలన్నది నియమం.

> చట్టం ఏమంటుంది
>
> 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద జంతు ప్రయోగాల్ని పర్యవేక్షించే కేంద్ర కమిటీ ఉంది. ప్రతి సంస్థలో నైతిక కమిటీ ఉండాలి. ఎన్ని ఎలుకలు, ఎందుకు, బాధ తగ్గించడానికి ఏం చేస్తారు, ఎలుక లేకుండా కుదరదా అన్నవి రాసిచ్చాకే అనుమతి. జన్యువులు మార్చిన ఎలుకలకి జీవభద్రత కమిటీ అనుమతి అదనం. వీలైతే మానేయడం, సంఖ్య తగ్గించడం, బాధ తగ్గించడం అన్న మూడు సూత్రాలు 1959లో ఇంగ్లండ్‌లో రసెల్, బర్చ్ రాసిన పుస్తకం నుంచి వచ్చాయి.

ముంబైలో ఐఐటీ, టాటా మెమోరియల్ కలిసి రూపొందించిన కార్-టీ చికిత్స 'నెక్స్‌కార్19'కి 2023 అక్టోబర్‌లో మన దేశంలో అనుమతి వచ్చింది. రోగి సొంత రక్తకణాల్నే మార్చి క్యాన్సర్ మీదికి పంపే పద్ధతి ఇది. దానికి కూడా మనుషుల కన్నా ముందు, మనిషి ల్యుకేమియా కణాలు మోసే ఎలుకల్లోనే పరీక్ష జరిగింది. ప్లాస్టిక్ పలక మీద పెంచిన కణాలు, మందు ఒక ప్రోటీన్‌ని తగులుకుంటుందో లేదో చెప్పగలవు. మూలుగలోంచి రక్తంలోకి, రక్తంలోంచి ప్లీహంలోకి తిరిగే జబ్బుని ఒంట్లో వెంటాడుతుందో లేదో చెప్పలేవు. యాంటీబాడీల విషపరీక్షలకి ఎలుకల్ని తగ్గించడం మంచి మాటే. చాలావాటికి ఎలుక మొదటినుంచీ సరైన సాక్షి కాదు. రక్తం పుట్టే చోటు గురించి అడిగే ప్రశ్నలకి మాత్రం ఇప్పట్లో దాన్ని పంపేయలేం.

మానేయొచ్చా డాక్టరుగారూ?

సీఎంఎల్ రోగుల్లో నాలుగైదేళ్లు మందు వాడి కుదుటపడినవాళ్లు అందరూ అడిగే ప్రశ్న ఇదే. కౌలు రైతు కూడా అడిగాడు. ఎలుకలు చెప్పిన జవాబు నిరుత్సాహంగానే ఉంది. బీసీఆర్-ఏబీఎల్ ఎలుకల మీద 2006లో ప్రకటించిన పరిశోధనలో ఇమాటినిబ్ రక్తాన్ని శుభ్రం చేసినా మూలుగలోని ల్యుకేమియా మూలకణాల్ని చంపలేకపోయింది. ఆ కణాలు మిగిలున్నంత కాలం జబ్బు తిరిగి రావచ్చు. మానేయకూడదనే అర్థం.

మనుషులు మరో రకంగా చెప్పారు. ఫ్రాన్స్‌లో ఫ్రాంస్వా-గ్జావియే మాహోన్ బృందం, కనీసం రెండేళ్లుగా పరీక్షల్లో జబ్బు ఆనవాలు దొరకని వాళ్ల చేత మందు మాన్పించి చూసింది. ఏడాది తర్వాత 41 శాతం మందిలో జబ్బు తిరిగి రాలేదు. వచ్చినవాళ్లు మళ్లీ మాత్ర మొదలుపెడితే దాదాపు అందరూ దారికొచ్చారు. 2010లో ఈ ఫలితాలు వచ్చాక ప్రపంచమంతా వైద్య మార్గదర్శకాలు మారాయి. జబ్బు తిరిగి రానివాళ్ల ఒంట్లో మిగిలిన మూలకణాల్ని ఏది కాపలా కాస్తోంది? రోగనిరోధక శక్తేనా? దానికి జవాబు కోసం మళ్లీ ఎలుకల దగ్గరికే వెళ్లారు.

మానేయాలంటే షరతులున్నాయి. ఏళ్ల తరబడి మందు వాడి ఉండాలి. కనీసం రెండేళ్లు పరీక్షల్లో జబ్బు ఆనవాలు దాదాపు కనిపించకుండా ఉండాలి. మానేశాక మొదటి ఆరు నెలలు నెలనెలా బీసీఆర్-ఏబీఎల్ పీసీఆర్ పరీక్ష చేయించాలి, తర్వాత కూడా రెండు మూడు నెలలకోసారి. జబ్బు తిరిగొస్తే ముందు తెలిసేది ఆ పరీక్షలోనే, ఒంట్లో కాదు. మందు చవకైనట్టు ఈ పరీక్ష చవక కాలేదు. మండల కేంద్రంలో చేసేది కాదు, రక్తం పట్నానికి పంపాలి, ఫలితం రోజుల తర్వాత వస్తుంది. కోతల కాలంలో ఒక నెల తప్పిందంటే ఆ నెలే కొంప ముంచొచ్చు. అందుకే మన వైపు డాక్టర్లు చాలామంది, కొనసాగించు బాబూ, మాత్ర ఉందిగా అంటారు. కౌలు రైతుకీ అదే చెప్పారు. వచ్చే పరీక్ష దాళ్వా కోతలయ్యాక.